సమ్మోహన చికిత్స: చరిత్ర, ప్రయోజనములు, హద్దులు

ఆదోని పత్తి మార్కెట్టులో గాని, ఎమ్మిగనూరు సంతలో గాని "హిప్నాటిజము" అను మాట ఎత్తినచో వినువారికి సాధారణముగా రెండు విషయములు స్ఫురించును. ఒకటి రంగస్థలముపై జరుగు వినోద ప్రదర్శనము. రెండవది పరుల మనస్సును లోబరచుకొను వశీకరణ విద్య. ఈ రెండింటికిని చెందని మూడవ అర్థము ఒకటి ఈ మాటకు కలదు. అది వైద్యము. నొప్పితో, భయముతో, నిద్రలేమితో బాధపడు రోగి తన మనస్సులోని శక్తినే తన బాధ తగ్గించుకొనుటకు వినియోగించునట్లు వైద్యుడు దారి చూపు పద్ధతికి సమ్మోహన చికిత్స యని పేరు.

దీనిని గూర్చి గ్రామములలోనివారు ఏల తెలిసికొనవలెనని కొందరికి సందేహము కలుగవచ్చును. గుంట మగ్గముపై దినమంతయు వంగి కూర్చుండు నేతగానికి నడుము నొప్పి, మెడనొప్పి తప్పవు. వర్షములు లేని యేట కోసిగి, కౌతాళము ప్రాంతముల నుండి గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తితీతలకు వలసపోయి వచ్చు కూలీలకు ఒళ్లునొప్పులతో పాటు మనోవ్యాకులతయు వెంటవచ్చును. ఇట్టివారు ఏండ్ల తరబడి మాత్రలు కొని మ్రింగి విసిగి, "ఒక్క దినములో సమస్త రోగములు పోగొట్టెదము" అను ప్రకటనలకు లోబడుదురు. వారి సొమ్ము పోవును. అంతకంటె విలువైన కాలము పోవును. సమ్మోహన చికిత్స ఎంతవరకు నిజమో, ఎక్కడ దాని హద్దో తెలిసినవారు ఈ నష్టమునకు గురికారు.

సమ్మోహనమనగా నేమి?

సమ్మోహనము నిద్ర కాదు. మూర్ఛ అంతకన్నను కాదు. ఒకే విషయముపై మనస్సు గాఢముగా లగ్నమై, చుట్టుప్రక్కల ధ్యాస తగ్గి, చెప్పిన మాటను ఊహలో స్పష్టముగా అనుభవింపగల స్థితికి ఈ పేరు పెట్టిరి. ఇట్టి స్థితి మనకు కొత్తది కాదు. మగ్గముపై నాడె ఆడుచుండగా పడుగు పేకలపైననే చూపు నిలిపిన నేతగానికి ప్రక్కవారు పిలిచిన పిలుపు వినబడదు. రాత్రి తోలుబొమ్మలాట చూచుచు కూర్చుండిన వానికి చలి తెలియదు. వైద్యుడు ఇట్టి ఏకాగ్రతను బుద్ధిపూర్వకముగా కలిగించి, దానిని రోగి మేలునకై త్రిప్పును.

ఈ స్థితిలోనున్న రోగికి స్పృహ యుండును. వైద్యుని మాట వినబడుచునే యుండును. ఇష్టములేని మాటను తిరస్కరింపగలడు. కావలసినపుడు కన్నులు తెరచి లేవగలడు. కావున "ఒకసారి లోబడినచో మరల తేరుకొనలేము" అను భయమునకు ఆధారము లేదు.

అందరికిని ఈ శక్తి సమానముగా ఉండదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున వైట్జెన్‌హోఫరు, హిల్గార్డు అను శాస్త్రజ్ఞులు 1959లో దీనిని కొలుచుటకు ఒక పద్ధతిని ఏర్పరచిరి. అట్టి కొలతల వలన నూటికి 10 నుండి 15 మంది మిక్కిలి సులభముగా సమ్మోహన స్థితిని పొందుదురనియు, ఇంచుమించు అంతమందికి అది దాదాపు కలుగదనియు, తక్కినవారు మధ్యస్థులనియు తేలినది. ఇందులో బలహీనత, మూఢత్వము అను ప్రశ్నయే లేదు. ఊహలో లీనము కాగల నేర్పే ఇందులకు ముఖ్యము.

రెండు శతాబ్దముల చరిత్ర

ఈ చికిత్స చరిత్రలో మొదట వినవచ్చు పేరు మెస్మరు. వియన్నాలో వైద్యుడై, 1778లో పారిసు నగరము చేరిన ఇతడు, సర్వప్రాణులలోను ఒక అదృశ్య అయస్కాంత ద్రవము ప్రవహించుచుండుననియు, దానిని చేతులతో సవరించి రోగములు కుదుర్పవచ్చుననియు బోధించెను. జనులు తండోపతండములుగా అతని కడకు పోయిరి. 1784లో ఫ్రాన్సు రాజు ఈ వాదమును పరీక్షించుటకు ఒక సంఘమును నియమించెను. విద్యుచ్ఛక్తిని పరిశోధించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రజ్ఞుడగు లవాజియే అందు సభ్యులు.

ఆ సంఘము చేసిన పరీక్షలలో ఒకటి నేటికిని ఎన్నదగినది. ఫ్రాంక్లిన్ నివసించు తోటలో ఒక చెట్టునకు మెస్మరు శిష్యుడు "శక్తిని" ఎక్కించెను. 12 ఏండ్ల బాలునికి కన్నులకు గంతలు కట్టి ఆ తోటలోని ఇతర వృక్షముల కడకు ఒకదాని తరువాత ఒకటిగా నడిపించిరి. శక్తి ఎక్కించిన చెట్టు దూరముననే యున్నది. నాల్గవ చెట్టు కడకు చేరునప్పటికే బాలుడు మూర్ఛిల్లెను. చెట్టులో ఏ శక్తియు లేదనియు, శక్తి యున్నదను నమ్మకమే బాలుని పడవేసినదనియు స్పష్టమైనది. అదృశ్య ద్రవము లేదని సంఘము తీర్పు చెప్పెను. కాని ఊహకు శరీరముపై ఇంత ప్రభావము ఉన్నపుడు దానిని రోగి మేలునకు ఏల వాడరాదను ప్రశ్న మిగిలిపోయెను.

ఈ ప్రశ్నకు సరియైన దారి చూపినవారిలో ఒకడు మన దేశమువాడగుట గర్వకారణము. 1756లో గోవాలోని కాండోలిమ్ గ్రామమున జన్మించిన ఫారియా అను మతాచార్యుడు, 1813లో పారిసులో బహిరంగముగా పాఠములు చెప్పుచు, శక్తి సమ్మోహనము చేయువాని చేతులలో లేదనియు, చేయించుకొనువాని మనస్సులోనే కలదనియు ప్రకటించెను. 1819లో ఆయన మరణించెను. గోవా రాజధాని పణజిలో ఆయన కాంస్యవిగ్రహము నేటికిని చూడవచ్చును.

శస్త్రచికిత్సలో దీని వాడుకకు కూడ మన దేశమే వేదికయైనది. స్కాట్లండు నుండి వచ్చిన జేమ్సు ఎస్డేల్ అను వైద్యుడు వంగదేశములోని హుగ్లీలో పనిచేయుచు, 1845 ఏప్రిలు 4న వరిబీజముతో బాధపడు ఒక ఖైదీని మెస్మరు పద్ధతిలో సమ్మోహితుని గావించి శస్త్రచికిత్స చేసెను. అప్పటికి మత్తుమందులు లేవు. రోగిని పదిమంది పట్టుకొనియుండగా కత్తి వాడుటయే ఆనాటి పద్ధతి. తరువాతి ఎనిమిది మాసములలో 73 శస్త్రచికిత్సలు నొప్పి లేకుండ జరిగినవని ఎస్డేల్ తన నివేదికలో వ్రాసెను. అందులో పెక్కు బోదవ్యాధి వలన ఏర్పడిన పెద్ద కణుతులు. చీకటిగదిలో రోగి ప్రక్కన గంటల తరబడి కూర్చుండి సమ్మోహనము కలిగించిన పని ఎక్కువగా భారతీయ సహాయకులదే. 1846లో ప్రభుత్వము ఒక సంఘముచే విచారణ జరిపించి, కలకత్తాలో ఈ చికిత్సకై ప్రత్యేక వైద్యశాలను ఏర్పరచినది.

ఆ వైభవము ఎక్కువకాలము నిలువలేదు. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టనులో ఈథరు అను మత్తుమందును బహిరంగముగా ప్రయోగించిరి. మరుసటి యేట క్లోరోఫారము వచ్చెను. సమ్మోహనమునకు గంటలు పట్టును, అందరికిని ఫలింపదు. మత్తుమందు నిముషములలో అందరికిని పనిచేయును. వైద్యలోకము మత్తుమందు వైపే మొగ్గినది. క్లోరోఫారము ఎంతవరకు క్షేమమో తేల్చుటకు మన హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్ వైద్యశాలలో డాక్టరు ఎడ్వర్డు లారీ ఆధ్వర్యమున, ఆరవ నిజాము ధనసహాయముతో 1888, 1889 సంవత్సరములలో జరిగిన పరిశోధనలు ప్రపంచ ప్రసిద్ధి నందినవి.

ఐనను సమ్మోహనము అంతరింపలేదు. ఇంగ్లాండులో జేమ్సు బ్రెయిడ్ అను వైద్యుడు 1841లో ఒక ప్రదర్శనమును చూచి, స్వయముగా పరీక్షించి, 1843లో ఒక గ్రంథము ప్రకటించెను. హిప్నాటిజము అను పేరు ఆయన వలననే వ్యాప్తికి వచ్చినది. గ్రీకు పురాణములలో నిద్రాదేవుని పేరు హిప్నాసు. ఫ్రాన్సులో షార్కో, బెర్న్‌హైము అను ఆచార్యులు దీనిపై ఎదురెదురు వాదములు సాగించిరి. బలమైన సూచన వలననే ఇది కలుగునన్న బెర్న్‌హైము వాదమే తుదకు నిలిచినది. బ్రిటిషు వైద్యసంఘము 1955లోను, అమెరికా వైద్యసంఘము 1958లోను శిక్షణ పొందిన వైద్యులు దీనిని వాడవచ్చునని అంగీకరించినవి. మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడ తగిన శిక్షణ గలవారే దీనిని ఆచరింపవలెనని 2003లో తెలియజేసినది.

తెలుగునాట ఈ పేరును ఇంటింటికి తెచ్చినవారు డాక్టరు బి. వి. పట్టాభిరామ్. ఇంద్రజాలికులుగా ఖ్యాతి గడించి, పిదప మనస్తత్వ శాస్త్రము వైపు మరలి, హైదరాబాదులో సలహా కేంద్రమును నడపుచు, వ్యక్తిత్వ వికాసముపై పెక్కు తెలుగు గ్రంథములు రచించి 2025లో కీర్తిశేషులైరి.

నేడు దేనికి ఉపయోగపడుచున్నది?

ఇంతవరకు జరిగిన పరిశోధనలలో గట్టి ఆధారము దొరికిన విషయములలో ఒకటి ప్రేగులకు సంబంధించినది. కొందరికి తరచు కడుపునొప్పి, ఉబ్బరము, విరేచనములు గాని మలబద్ధము గాని ఏండ్ల తరబడి వేధించును. పరీక్షలలో ఏ పుండును, ఏ గడ్డయు కనబడదు. 1984లో ఇంగ్లాండులోని మాంచెస్టరులో డాక్టరు హోర్వెల్ బృందము, మందులకు లొంగని ఇట్టి 30 మంది రోగులపై పరిశోధన జరిపినది. సమ్మోహన చికిత్స పొందినవారు తక్కినవారికంటె చాల మెరుగుపడిరి. ఒక సంవత్సరము మందులు వాడినను గుణము కనబడని ఇట్టి రోగుల విషయమున సమ్మోహన చికిత్సను ఆలోచింపవచ్చునని ఇంగ్లాండులోని అధికార వైద్యసంస్థ 2008లో సూచించినది.

రెండవది శస్త్రచికిత్సల కాలమందలి నొప్పి, భయము. 2000 సంవత్సరమున అమెరికాలో 241 మంది రోగులపై జరిగిన ఒక పరిశోధనలో, రోగి మేలుకొనియుండగా రక్తనాళములలోనికి సన్నని గొట్టములు పంపు చికిత్సల వేళ సమ్మోహనము పొందినవారికి నొప్పి, ఆందోళన తగ్గినవి. మత్తుమందుల అవసరమును తగ్గినది. 2007లో రొమ్ము శస్త్రచికిత్స చేయించుకొను 200 మంది స్త్రీలకు, చికిత్సకు ముందు కొద్ది నిముషముల సమ్మోహనము ఇచ్చుట వలన నొప్పి, వాంతి వికారము, అలసట తగ్గినట్లు తేలినది. ఈ రెండుచోట్లను మత్తుమందునకు బదులుగా గాక, దానికి తోడుగానే సమ్మోహనమును వాడిరి. పంటి వైద్యుని చూచి వణకువారికి, కాలిన గాయములకు కట్లు మార్చునపుడు విలవిలలాడువారికి కూడ ఇది తోడ్పడును.

ఇది ఎట్లు పనిచేయును? 1997లో మెదడును చిత్రములు తీసి పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఒక చక్కని విషయము కనుగొనిరి. వేడినీటిలో చేయి ఉంచినవారికి, సమ్మోహన స్థితిలో "ఈ నొప్పి నీకు అంత బాధాకరము కాదు" అని సూచించినపుడు, నొప్పిలోని బాధను గ్రహించు మెదడు భాగములో పని తగ్గినది. అనగా రోగి నటించుటలేదు. మెదడే ఆ నొప్పిని వేరుగా స్వీకరించుచున్నది.

ప్రసవవేదన విషయమున ఫలితములు మిశ్రమముగా నున్నవి. పొగత్రాగుట మాన్పించుటలో ఇతర పద్ధతుల కంటె ఇది మేలని ఇంకను ఋజువు కాలేదు. కావున "మూడు దినములలో బీడీ, సారా మాన్పించెదము" అను ప్రకటనలను నమ్మి సొమ్ము పోగొట్టుకొనరాదు.

చికిత్స జరుగు విధము

ఏండ్ల తరబడి కడుపునొప్పితో బాధపడు ఎమ్మిగనూరు గృహిణి ఒకరు ఉన్నారనుకొందము. మొదట వైద్యుడు ఆమెను పరీక్షించి, రక్తహీనత, క్షయ, పుండు, గడ్డ వంటివి లేవని నిర్ధారించుకొనును. పిదప సమ్మోహనము నిద్ర కాదనియు, ఇష్టము లేనిచో ఎప్పుడైనను ఆపివేయవచ్చుననియు చెప్పి ఆమె సమ్మతి తీసికొనును. ఆమె కోరినచో బంధువు ఒకరు గదిలో ఉండవచ్చును.

ఆమె సుఖముగా కూర్చుండి, ఒక బిందువుపై చూపు నిలిపి, ఊపిరిపై ధ్యాస నుంచి, క్రమముగా కన్నులు మూసికొనును. వైద్యుడు నెమ్మదిగా మాటాడుచు అంగముల బిగువు సడలించును. తరువాత ఆమె అరచేతిని పొట్టపై నుంచి, అచ్చట వెచ్చదనము పరచుకొనుచున్నట్లు ఊహింపుమనును. ప్రేగుల కదలిక ఒడిదుడుకులు లేని నీటి ప్రవాహము వలె సాగుచున్నట్లు ఊహింపుమనును. మాంచెస్టరు వైద్యులు నదిని ఉపమానముగా వాడిరి. మన ప్రాంతపు స్త్రీకి తుంగభద్ర దిగువ కాలువలో గండి లేక, అడ్డము లేక, సమముగా సాగు నీరు సులభముగా మనస్సునకు వచ్చును. అరగంట పిమ్మట వైద్యుడు అంకెలు లెక్కించి ఆమెను మామూలు స్థితికి తెచ్చును. ఇట్టి కూర్పులు వారమునకు ఒకటి వంతున కొన్ని జరుగును. ఇంటి వద్ద ప్రతిదినము తానే అభ్యసించుట ముఖ్యము. కొన్నాళ్లకు వైద్యుని సహాయము లేకయే ఆ స్థితిని ఆమె పొందగలుగును.

మాటయే ఈ చికిత్సలో మందు. కావున ఆ మాట రోగి ఇంటి భాషలో ఉండవలెను. తెలుగు, కన్నడము, ఉర్దూ కలిసి వినిపించు ఆదోని వంటి పట్టణమున ఈ సంగతి మరువరానిది.

హద్దులు

ఆదోనికి సమీపమున హొళగుంద మండలములో దేవరగట్టు కలదు. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవమున కర్రల తాకిడికి దెబ్బలు తగిలినను, పసుపు అద్దుకొని ముందునకు సాగు భక్తులను ఈ ప్రాంతీయులు ఎరుగుదురు. ఆ వేళ మనస్సు ఉత్సవముపై లగ్నమైయుండుటచే నొప్పి అంతగా తెలియదు. కాని తెల్లవారినపుడు గాయము గాయముగానే యుండును. తల పగిలినవానికి కుట్లు వేయవలెను, ధనుర్వాతపు సూది ఇవ్వవలెను. ప్రభుత్వము అచ్చట వైద్యశిబిరము ఏర్పాటు చేయుట ఇందులకే.

సమ్మోహన చికిత్స హద్దు కూడ ఇదియే. అది బాధను తగ్గింపగలదు. బాధకు మూలమైన రోగమును తీసివేయజాలదు. క్షయరోగ క్రిములు మాటలకు చావవు. చక్కెరవ్యాధి, రక్తపుపోటు, మూర్ఛవ్యాధి మందులు మానిపించి సమ్మోహనము చేసెదనను వాడు రోగిని ప్రమాదమునకు గురిచేయుచున్నాడు. నొప్పి శరీరము వేయు కేక. ఆ కేకకు కారణము తెలిసికొనకుండ దానిని అణచినచో లోపలి గడ్డ పెరిగి, చికిత్సకు అందని స్థితికి రావచ్చును.

లేని మాటలు చెవిలో వినబడువారికి, తీవ్రమైన మతిచాంచల్యము గలవారికి ఇది తగదు. వారికి మానసిక వైద్యుని మందులే ముఖ్యము. సారాకు బానిసయైనవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ రావచ్చును గనుక వైద్యశాలలోనే మాన్పించవలెను. పోయిన నగను, దొంగ పేరును సమ్మోహనముతో చెప్పించుట అంజనము వేయుట వంటిదే. సమ్మోహన స్థితిలో జరుగనిది జరిగినట్లు నిజముగా నమ్మి చెప్పువారు కలరని పరిశోధనలు తెలుపుచున్నవి. నిరపరాధిపై నింద పడుటకు ఇది దారితీయును. పూర్వజన్మ స్మృతులు తెప్పించెదమను మాటలకును ఇదే సమాధానము.

ఎవరిని ఆశ్రయింపవలెను?

మొదట సమీపమునందలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో, ఆదోని ప్రభుత్వ ప్రాంతీయ వైద్యశాలకో పోయి రోగనిర్ణయము చేయించుకొనవలెను. అవసరమైనచో కర్నూలు సర్వజన వైద్యశాలలోని మానసిక వైద్య విభాగమునకు పంపుమని కోరవచ్చును. సమ్మోహన చికిత్స తగునా తగదా యని చెప్పవలసినవారు శిక్షణ పొందిన వైద్యులు, లేక భారత పునరావాస మండలిలో నమోదైన మనస్తత్వ చికిత్సకులు.

మానసిక బాధకు పెద్ద పట్టణములకే పోవలెనను తలంపు పాతబడినది. ఈ విషయమున మన పొరుగు జిల్లాయే దేశమునకు మార్గదర్శి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడు వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. ఆ బళ్లారి జిల్లాలో 1980 దశకమున బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ, గ్రామ వైద్యులకును ఆరోగ్య కార్యకర్తలకును శిక్షణ నిచ్చి, మానసిక రోగులకు ఇంటికి దగ్గరలోనే వైద్యము అందించవచ్చునని నిరూపించినది. ఆ నమూనాపైననే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము మొదలైనది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, రాత్రింబవళ్లు ఉచితముగా తెలుగులోనే సలహా పొందవచ్చును.

చట్టమును ప్రజల పక్షముననే యున్నది. మంత్రములు, తాయెత్తులు మున్నగువాటితో ఫలానా రోగములు కుదుర్చెదమని ప్రకటించుటను 1954 నాటి చట్టము నిషేధించినది. మానసిక రోగులను గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించి, వైద్యము పొందుట వారి హక్కని చాటినది.

సమ్మోహనము చేసెదనని వచ్చినవానిని నాలుగు ప్రశ్నలు అడుగుడు. నీ వైద్య విద్యార్హత ఏమి? నా రోగము ఏమని నిర్ణయించితివి? ఎన్ని కూర్పులు, ఎంత వ్యయము? నేను వాడుచున్న మందులు కొనసాగింపవలెనా? నాల్గవ ప్రశ్నకు "మానివేయుము" అని బదులు వచ్చిన వెంటనే లేచి వచ్చివేయుడు.

గోవా ఫారియా రెండు శతాబ్దముల క్రిందట చెప్పినట్లు, ఈ చికిత్సలోని బలము రోగిదే. వైద్యుడు దానిని మేల్కొల్పును. ఆ బలమును సరియైన రోగనిర్ణయముతోను, అవసరమైన మందులతోను జతపరచినచో, నేతగాని నడుము నొప్పికైనను, వలసకూలీ నిద్రలేమికైనను కొంత ఊరట కలుగును. వైద్యశాల మెట్లు ఎక్కుటకు సంకోచించు ఇరుగుపొరుగువారికి ఈ సంగతులు తెలియజేయుట చదువరులు చేయదగిన సహాయము.